సొరకాయను చూసి ఎవరు భయపడతారు?

ఈ రోజుల్లో సీరియళ్ళకు పనిచేసే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని గ్రహాలను పేల్చేస్తున్నారు. పేల్చేసి టీ తాగడానికి వెళ్తున్నారు. వాళ్ళను చూస్తే నాకేం కుళ్ళు లేదు. సరే, కాస్త ఉంది. మేం పనిచేసిన రోజుల్లో ఒక గ్రహాంతర ఆయుధాన్ని ఆకాశంలో నాలుగు గజాలు పరిగెత్తించాలంటే ఇద్దరు మనుషులు బండలెక్కాలి, ఒకరికి మోకాలు పగలాలి. పగిలే మోకాలు ఎక్కువసార్లు నాదే.

నేను టీవీ సీరియళ్ళలో ప్రాపర్టీ పని చేసి రిటైరైనవాణ్ణి. అత్తగారి నడుముకున్న తాళాల గుత్తి, విలన్ తుపాకీ, చావు సీనులో పగలాల్సిన గ్లాసు, అన్నీ మేమే సిద్ధం చేయాలి. వస్తువు బాగుంటే మెచ్చుకోలు నటుడికి, బాగా లేకపోతే తిట్లు మాకు. ఆలేరు దగ్గర నేత పని చేసే ఇంట్లో పుట్టాను. మగ్గం గుంటలో కూర్చోమంటే కాలు నిలవక హైదరాబాదు పారిపోయాను. అయినా దారం నన్ను వదల్లేదు. సర్వీసులో సగం దారం కట్టి ఏదో ఒకటి ఎగరేయడంతోనే గడిచింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక చానల్ వాళ్ళు ఆదివారం పొద్దున పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదలుపెట్టారు. డైరెక్టరు కోస్తా వైపు కుర్రాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఇంట్లో అందరిచేతా మాట పడి, ఈ ఒక్క సీరియల్ కోసం చానల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. కథలో ఒక సేనాధిపతి దుష్ట చక్రవర్తి నుంచి తప్పించుకుని ఎవరూ లేని గ్రహం మీదికి పారిపోతాడు. చక్రవర్తి అతని మీదికి ఒక ఆయుధాన్ని వదులుతాడు. దాని పేరు మృత్యుశోధిని. అది ఎవరి మీదికి పంపితే వాళ్ళ గుండె చప్పుడును గుర్తుపడుతుంది. కొండ అడ్డమొస్తే చుట్టూ తిరిగి వస్తుంది. గుహలో దాక్కుంటే గుహ ముందు కాపు కాస్తుంది.

డైరెక్టరు ఇదంతా బొమ్మలు గీసి మరీ నాకు చెప్పాడు. అంతా విని నేను ఒక్కటే అడిగాను.

"ఎంత బరువుండాలె సార్?"

"బరువేంటండీ! అది భూమ్మీద దొరకని లోహం."

"లోహం సరే సార్, దారం తెగొద్దు గదా."

తేలిగ్గా ఉండాలి, కోలగా ఉండాలి, లోపల బల్బులు పెట్టడానికి బోలుగా ఉండాలి. నాకు తెలిసినంతలో ఇవన్నీ ఉన్న వస్తువు ఎండిన సొరకాయ బుర్ర. ఒక గీత కార్మికుణ్ణి బతిమాలి, అతను ఏళ్ళ తరబడి కల్లు పోసుకున్న బుర్రను తెచ్చాను. వెండి రంగు పూశాను, తోకకు రేకు రెక్కలు పెట్టాను. ఎన్ని కడుగులు కడిగినా కల్లు వాసన మాత్రం పోలేదు. దగ్గరి షాట్లలో హీరో ముఖం ప్రశాంతంగా కనిపించడానికి అదీ ఒక కారణం.

షూటింగు మర్రిగూడ వైపు గుట్టల్లో. పెద్ద పెద్ద బండలు, మొండి నేల, చుక్క పచ్చదనం ఉండదని డైరెక్టరు ఎండాకాలంలో చూసి ఖాయం చేసుకున్నాడు. మేం దిగేసరికి ఆ యేడు వానలు విరగబడి కురిశాయి. పత్తి నవ్వుతోంది, కంది మోకాళ్ళు దాటింది, బండల సందుల్లో కూడా గడ్డి. ఊరంతా సంబరంగా ఉంటే, మా డైరెక్టరు ఒక్కడే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గడ్డిని పీకించబోతే సర్పంచమ్మ వచ్చింది. మనిషి పొట్టి, గొంతు గట్టి.

"ఏం గ్రహం చూపిస్తున్నరయ్యా మా ఊర్ల?"

"ప్రాణమనేది లేని గ్రహమండీ," అన్నాడు డైరెక్టరు ఉత్సాహంగా.

"మా ఊరే దొరికిందా మీకు? గిన్నేండ్ల సంది బొక్కలు వంగినోళ్ళున్నరని, నీళ్ళల్ల ఫ్లోరైడు విషమని అందరొచ్చి ఫొటోలు తీస్కపోయిన్రు. ఇప్పుడే జర మంచినీళ్ళు తాగుతున్నం, పంట మొఖం చూస్తున్నం. ఇగ మీరొచ్చి సచ్చిన గ్రహం అంటున్రు. గడ్డి ముట్టుకుంటే మంచిగుండదు, చెప్తున్న."

డైరెక్టరు అక్కడికక్కడే కథ మార్చి అది అప్పుడే చిగురిస్తున్న గ్రహం అన్నాడు. సర్పంచమ్మ చల్లబడి, మాకు మంచాలు, చెక్కలు, మధ్యాహ్నం భోజనాలు ఏర్పాటు చేసింది. ఆమె ఇంటి పచ్చిపులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

ఇక ఆయుధం సంగతి. ఎత్తయిన బండ నుంచి కింది బండకు సన్నని నైలాన్ దారం కట్టేవాళ్ళం. సొరకాయకు ముందొక రింగు, వెనకొక రింగు పెట్టి దారానికి వేలాడదీసేవాళ్ళం. ముందుకు లాగడానికి ఇంకో దారం. అది నా పని. ఆయుధం పక్కకు తిరగాలంటే పక్క బండ మీద కూర్చున్న లైట్‌మన్ మూడో దారం గుంజేవాడు. నాకన్నా వయసులో పెద్ద, అందరికీ అన్న. చానల్ వాళ్ళ ప్రకటనలో ఆయుధానికి సొంత తెలివి ఉందని రాశారు. ఆ తెలివి మా అన్నదే. బీడీ వెలిగించుకున్నప్పుడల్లా ఆయుధం దారి తప్పేది.

తొలి రెండు ఆదివారాల ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి. జనం భయపడలేదు. పిల్లలు తెర ముందు చేరి "సొరకాయ వచ్చిందిరో!" అని చప్పట్లు కొట్టారట. నేను ఊరుకోలేదు. నల్ల రంగు పూశాను, పేడపురుగులాగా ఉందన్నారు. పళ్ళు పెట్టాను, చేప అన్నారు. ఎర్ర బల్బులు పెడితే పెళ్ళి పందిరి గుర్తొచ్చిందన్నారు. మళ్ళీ వెండి రంగుకే వచ్చాను. అసలు చిక్కు మా హీరోతో. పాలమూరు వైపు మనిషి, ఎత్తూ బరువూ మీసమూ అన్నీ ఉన్నవాడు. వెనక్కి తిరిగి ఆయుధాన్ని చూసి అదిరిపడాలి. ఆయన మాత్రం బస్సు వచ్చిందో లేదో చూసుకున్నట్టు చూసేవాడు.

"భయపడండి సార్, భయపడండి!" అని డైరెక్టరు మొత్తుకునేవాడు.

"ఏం భయం సార్? దాన్ని చూస్తే నాకు పప్పుచారు యాదికొస్తది."

మూడో ఆదివారం తర్వాత చానల్ అధికారిణి స్వయంగా గుట్ట దగ్గరికి కారేసుకుని వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. వచ్చే ఆదివారం ఎపిసోడ్ చూసి ఒక్కరు కూడా భయపడకపోతే సీరియల్ ఆపేస్తామని, ఆ సమయానికి వంటల కార్యక్రమం సిద్ధంగా ఉందని చెప్పింది. వెళ్తూ వెళ్తూ బల్ల మీదున్న నా ఆయుధాన్ని వేలితో కొట్టి చూసి, "ఇది మాత్రం పారేయకండి, అక్కడ పనికొస్తుంది," అంది.

అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆ కుర్రాడు ఆ సాయంత్రం నా పక్కన బండ మీద కూర్చుని, "ఇది పోతే నేను మళ్ళీ ఆ ఆఫీసులో కూర్చోవాలండీ. మా వాళ్ళు అన్నదే నిజమవుతుంది," అన్నాడు. నా బాధ నాది. రిటైర్మెంటు దగ్గర పడింది. నా తుపాకులను చూసి జనం భయపడితే అది తుపాకీ గొప్ప, అలాంటివి లోకంలో ఉన్నాయి గనక. లోకంలో లేని ఒక వస్తువును నేను తయారు చేస్తే, దాన్ని చూసి ఒక్క ప్రాణి జడుసుకుంటే చాలనిపించింది. అంత కోపంగా, అంత ఆశగా నేను ఏ పనిలోనూ లేను.

ఆ ఎపిసోడ్‌కు మిగిలింది ఒక్క పగలు. మర్నాటి పొద్దునకు చానల్‌కు పంపేయాలి. ఆ రోజు దసరాకు ముందు రోజు. మాలో ఏ పనివాడైనా ఆ రోజు పనిముట్టుకు పూజ చేయకుండా దాన్ని ముట్టుకోడు. పొద్దున్నే లైట్లకు, కెమెరాకు, జనరేటరుకు, వ్యాన్‌కు పసుపు కుంకుమలు పెట్టాం. సర్పంచమ్మ పెరటి చెట్టు నిమ్మకాయలు వ్యాన్ చక్రాల కింద పెట్టి తొక్కించాం. నేను నా సుత్తి, కత్తెర, రంపం వరసగా పేర్చి బొట్లు పెడుతుంటే లైట్‌మన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం తమ్మీ, గిదేం పూజ?"

"ఆయుధ పూజ అన్నా."

"గ్రహాలు గ్రహాలే దాటొచ్చే ఆయుధాన్ని సంచిల పెట్టి, సుత్తెకు బొట్టు పెడ్తున్నవా? సిగ్గుండాలె."

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. సంచిలోంచి సొరకాయ తీశాను. ఆ తర్వాత అంతా అన్న చేతిలోకి పోయింది. మూతికి పసుపు మెత్తాడు. దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. రెండు పక్కలా కళ్ళున్నట్టు ఇంకో రెండు. మెడకు నల్ల దారం, బంతిపూల దండ. చివరికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చి దిష్టి తోరణం కూడా కడుపు కింద వేలాడదీశాడు. కొబ్బరికాయ కొట్టి ఇద్దరం దండం పెట్టుకున్నాం. డైరెక్టరు ఇదేమీ చూడలేదు. గొడుగు కింద కూర్చుని సీను రాస్తున్నాడు.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. డైరెక్టరు గొడుగు అవతల పారేసి పరిగెత్తుకొచ్చాడు. "వాన వచ్చేలోగా తీసేద్దాం, తొందరగా, తొందరగా!"

నేను దండ తీసేశాను. తడి గుడ్డతో మూతి తుడవబోతే అన్న నా చేయి పట్టుకున్నాడు.

"పూజ చేసిన బొట్టు పొద్దుగూకకముందే తుడుస్తవా? నీకు మతి గిట్ల పోయిందా?"

మతి ఉంది కాబట్టే నాకూ చేయి ఆడలేదు. మా నాయిన ఆ రోజు మగ్గానికి పెట్టిన బొట్టును ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. నేను దేవుణ్ణి పెద్దగా పట్టించుకోనివాణ్ణే, అయినా ఆ గుడ్డ కదల్లేదు. సరేనని సొరకాయను అటుదిటు తిప్పి, బొట్లున్న మూతి వెనక్కు వచ్చేలా, తోక ముందుకు వచ్చేలా కట్టాను. ఏది ముందో ఏది వెనకో చూసేవాళ్ళకు తెలుస్తుందా? మిరపకాయల తోరణాన్ని కడుపుకు దగ్గరగా ముడి వేశాను. కెమెరాకు ఏమీ కనపడదు. చాలా తెలివిగా చేశాననుకున్నాను.

షాట్ మొదలైంది. హీరో మామూలుగానే బద్ధకంగా పరిగెత్తాడు. నేను దారం లాగాను. సొరకాయ బండ మీది నుంచి బయల్దేరింది. అన్న పక్కకు గుంజాడు. అన్న గుంజిన ఊపుకు వెనక రింగు దారం తెగింది. సొరకాయ గాల్లో గిర్రున తిరిగి, మూతి ముందుకు పెట్టుకుని ఒక్క రింగు మీద ఊగుతూ వచ్చింది. నేను కట్టిన ముడి ఊడిపోయి మిరపకాయల తోరణం కిందికి జారింది. సరిగ్గా అప్పుడే హీరో, డైరెక్టరు చెప్పినట్టు, వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన ముఖంలో రంగు దిగడం నేను బండ మీది నుంచి చూశాను.

"ఓరి నాయనో!" అన్నాడు. అది కథలో లేని మాట. తర్వాత ఆ మనిషి ఉరికిన ఉరుకుడు నేను మళ్ళీ చూడలేదు. బండలు దూకాడు, తుప్పలు దూకాడు. నా చేతిలోని లాగే దారం చివర పోయి ఆయన నడుం పటకాకున్న ఇత్తడి కొక్కేనికి తగులుకుంది. నేను పట్టు వదిలేశాను, లేకపోతే నేనూ వెళ్ళేవాణ్ణి. పై దారం కూడా ఊడింది. ఇప్పుడు సొరకాయ ఆయన వెనకే. ఆయన ఎడమకు తిరిగితే అది ఎడమకు తిరిగింది. కుడికి తిరిగితే కుడికి. బండ చాటుకు పోతే అదీ చుట్టూ తిరిగి వెళ్ళింది. కుంకుమ కళ్ళతో, మిరపకాయలు ఆడిస్తూ, రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ వెంటాడింది. డైరెక్టరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కాగితం మీద గీసి నాకు చెప్పిందంతా అతని కళ్ళ ముందు జరుగుతోంది. కెమెరామన్ బుద్ధిమంతుడు, కన్ను తియ్యలేదు.

చివరికి కంది చేను గట్టు దగ్గర సొరకాయ ఒక రాయికి కొట్టుకుని వక్కలైంది. హీరో ఆగలేదు. రోడ్డు దాకా పోయి, వస్తున్న ఆటో ఎక్కి ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. సేనాధిపతి వేషంలోనే. సర్పంచమ్మ ఇంటి అరుగు మీద దొరికాడు, నీళ్ళు తాగుతూ.

"ఏమైంది సార్ మీకు? సొరకాయే గదా," అన్నాను.

"సొరకాయనా? నీ యవ్వ, గది సొరకాయనా అన్నా? చిన్నప్పుడు మా ఊరి నాలుగు బాటల కాడ ఎవరో మంత్రించి పెట్టిన గసొంటిది దాటిన్నని మా అమ్మ నన్ను నెల దినాలు ఇంట్ల కెల్లి ఎల్లనియ్యలే. గది వేరే గ్రహం కెల్లి వచ్చినట్టు లేదు, మా ఊరి కెల్లి నన్ను ఎతుక్కుంట వచ్చినట్టున్నది!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. బాణామతి పేరు చెప్పి మనుషులను చెట్లకు కట్టేసి కొట్టిన కాలాన్ని చూసిన ప్రాంతం మాది. ఆ భయంతో ఆటలాడడం తప్పో ఒప్పో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈలోగా డైరెక్టరు షాట్ వేసుకుని చూసుకున్నాడు. మేం వెళ్ళేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"గ్రహాంతర ఆయుధానికి కుంకుమ బొట్టేంటండీ? ఆ మిరపకాయలేంటండీ?"

నేను పూజ సంగతి చెప్పాను. ఆయుధం వక్కలైన సంగతీ చెప్పాను. అప్పటికే వాన మొదలైంది. మళ్ళీ తీయడానికి సొరకాయా లేదు, వెలుగూ లేదు, హీరో గుట్ట వైపు వచ్చే దాఖలాలూ లేవు. ఇక రెండే దార్లు. బొట్టున్న షాట్ పంపాలి, లేదా పాత షాట్లలో హీరో పప్పుచారు తలుచుకుంటున్నవి అతికించాలి. డైరెక్టరు పాతవే అతికిద్దామన్నాడు. పరువు మిగులుతుందట.

నాకు ఒళ్ళు మండింది. "పరువుతోని వంటల కార్యక్రమం చూస్తరా సార్? మీరు గీసిన బొమ్మలు నేను చూసిన. గవి ఇయ్యాల్నే జరిగినయి. హీరో మొఖం చూడున్రి ఒక్కపారి. గా మొఖాన్ని పారేస్తరా?"

డైరెక్టరు ఆ షాట్ మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. ఆపి, "డబ్బింగులో చక్రవర్తి చేత ఒక మాట చెప్పిద్దామండీ," అన్నాడు. ఆ మాట ఇది: "మన గ్రహంలో నేడు ఆయుధ పూజ. పూజించి వదిలిన అస్త్రానికి తిరుగులేదు!"

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. సీరియల్ ఆగలేదు, ఇంకో ఏడాది నడిచింది. వంటల కార్యక్రమం ఇంకో రోజుకు మారింది. ప్రతి వారం ఆయుధానికి పసుపు కుంకుమలు తప్పనిసరి అని చానల్ నుంచి ఆజ్ఞ వచ్చింది. నాలుగో వారానికి పిల్లలకు అదీ అలవాటైపోయి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. డైరెక్టరు ఇప్పుడు పెద్ద పెద్దవి తీస్తున్నాడు, అన్నీ కంప్యూటర్లోనే. పండక్కి ఫోన్ చేస్తాడు. అవన్నీ పక్కన పెట్టండి. నేను చెప్పదలుచుకున్నది ఆ ఆదివారం గురించి.

ఆ పొద్దున నేను సర్పంచమ్మ మంచాలు, చెక్కలు తిరిగి ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. సరిగ్గా సీరియల్ వేళకు వెళ్ళడం అనుకోకుండా జరిగిందేమీ కాదు. ఇంట్లో టీవీ ముందు వాడకట్టు పిల్లలంతా చేరారు. వెనక గోడకు ఆనుకుని సర్పంచమ్మ అత్త, బాగా ముసలామె, పల్లికాయలు ఒలుస్తోంది. నేను గుమ్మం దగ్గరే చతికిలబడ్డాను. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది.

"సొరకాయ వస్తది సూడున్రి!" అని పిల్లలు ముందే చప్పట్లు మొదలుపెట్టారు. చక్రవర్తి తన మాట చెప్పాడు. బండ మీది నుంచి ఆయుధం బయల్దేరింది. గిర్రున తిరిగింది.

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో పిల్ల ఒకతె వెనక్కి పాక్కుంటూ వచ్చి ముసలమ్మ ఒళ్ళో దూరింది. హీరో ఉరుకుతుంటే ఒక్కరూ కదల్లేదు. సర్పంచమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. ముసలమ్మ పల్లికాయల చాట పక్కకు నెట్టి లేచింది. లోపలికి పోయి పిడికెడు ఉప్పు తెచ్చి, తెర మీద ఉరుకుతున్న మా హీరోకు మూడుసార్లు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. వచ్చి, నా వైపు తిరిగి, నేనెవరో ఏం పని చేస్తానో తెలియక అంది:

"గా పిల్లగాని మీదికి గసొంటిదాన్ని తయారు చేసి తోలిన వాడెవడో గాని కొడుకా, వాని చేతులు ఇరిగిపోను!"

నేను చేతులు రెండూ తువ్వాల కింద దాచుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అవునవ్వా, ఇరిగిపోవాలె," అన్నాను. సర్వీసు మొత్తంలో నా పనిని అంతగా మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.